నాలుగు లక్షల పేర్లు

“చూడండి చూడండి, ఈయనకి మూలవ్యాధట! పక్కనే ఫోన్ నంబరు కూడా ఉంది. చేసి పలకరిద్దామా?”

ముందు వరసలోంచి ఆ మాట రాగానే గదంతా గొల్లుమంది. వెనక కూర్చున్న తాళాల మేడమ్ మొహం చిట్లించింది.

అసలు ఆవిడకి పొద్దుటినుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. డేటాబేస్ పని చేసేవాళ్లంతా నెలకో శనివారం ఒకచోట చేరి, ఎవరికిచ్చిన కంప్యూటరు మీద వాళ్లు చేసి చూసుకుంటూ నేర్చుకునే ఉచిత శిక్షణ అది. చెప్పుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. వచ్చి చూస్తే సగం మంది కళ్లు ఊరికే ఇచ్చే సంచుల మీద, మిగతా సగం కళ్లు భోజనం పొట్లాల మీద. ఆవిడకిచ్చిన కీబోర్డు జిడ్డు కారుతోంది. మీటల సందుల్లో ఎవరో తిన్న బిస్కెట్ల పొడి. ఛీ, అనుకుని రెండుసార్లు తుడిచి, ఆ రుమాలు మళ్లీ సంచిలో పెట్టుకోబుద్ధి కాక బల్ల మీదే వదిలేసింది. ఇరవై ఏళ్లుగా డేటాబేస్‌లకి కాపలా కాస్తున్న మనిషి. సొంత మేనేజరు అడిగినా పాస్‌వర్డు ఇవ్వదని ఆఫీసులో తాళాల మేడమ్ అని పేరు పెట్టారు.

ఇవాళ్టి పాఠం నాలుగు లక్షల పేర్లలో ఒక్క పేరుని చిటికెలో పట్టుకోవడం. శిక్షకుడు పెన్‌డ్రైవులో తెచ్చిన పేర్ల పట్టికని అందరి కంప్యూటర్లలోకీ ఎక్కించాడు. ఉత్తుత్తి పేర్లేమో అనుకుంది. తెరిచి చూస్తే పెద్దాసుపత్రి రికార్డులు! పేరు, ఇంటిపేరు, ఫోను, రోగం, వాడిన మందులు, అన్నీ బట్టబయలు.

ఆవిడ చెల్లెలికి వైద్యం చేయించింది ఆ ఆసుపత్రిలోనే. వెంటనే చెల్లెలి పేరు కొట్టింది. ఉంది. మూర్ఛ, ఆరు నెలల మందులు, అక్షరం పొల్లుపోకుండా.

చెల్లెలి పెళ్లయి ఏడాది కాలేదు. ఈ సంగతి అత్తవారింట్లో ఎవరికీ తెలీదు. పెళ్లి మాటలనాడు ఆ అత్తగారు గుచ్చి గుచ్చి అడిగితే, “మా పిల్లకేమండీ, గుండ్రాయిలా ఉంటుంది” అని బొంకింది ఈ అక్కే. ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఊరందరి రోగాలూ చదివి నవ్విస్తున్నవాడు ఎవరో కాదు, చెల్లెలి మరిది.

“ఆగండాగండి, మా వాళ్లో, మా వదిన పుట్టింటివాళ్లో ఎవరైనా దొరుకుతారేమో చూస్తా. ఇంటిపేరు కొడితే చాలుగా!” అన్నాడు మరిది, చేతులు రుద్దుకుంటూ.

“చెయ్యి తియ్యి!”

ఆవిడ కుర్చీ తోసేసి విసవిసా ముందుకొచ్చి కంప్యూటరు తెర ఆపేసింది.

“సిగ్గు లేదూ మీకు? బాధపడుతూ డాక్టరుకి చెప్పుకున్న మాటలివి. మీకు కాలక్షేపమా?”

“ఊరికే సరదాకి, వదినగారూ...” అని నసిగాడు మరిది.

“మీ ఇంట్లో ఆడపిల్ల రోగం ఇలా ఎవడో చదివి ఇకిలిస్తే సరదాగానే ఉంటుందా?”

మరిది తల దించుకున్నాడు. ఆవిడ శిక్షకుడి మీదికి తిరిగింది.

“మీకెక్కడిదండీ ఇది?”

“పాత రికార్డులే మేడమ్. అక్కడ పని చేసినప్పుడు పాఠానికి పనికొస్తుందని ఒక కాపీ దాచుకున్నా. కల్పించిన పేర్లతో అయితే కంప్యూటరు ఎక్కడా మొరాయించదు. మొరాయిస్తేనే కదా పాఠం బుర్రకెక్కేది!”

“మీ పాఠం తగలెయ్య! జనం పరువు తీసి బల్ల మీద పరిచారు. మీరు మాకు నేర్పేవాళ్లా? ఛీ!”

శిక్షకుడి మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేకుండా పోయింది. తప్పయిపోయిందన్నాడు. ఇంకెవరికీ ఇవ్వలేదని ఒట్టేశాడు. ఆవిడ వదిలితేనా! ఒక్కో కంప్యూటరు దగ్గరా నిలబడి, ఎదురుగా తుడిపించి, కంప్యూటరు చెత్తబుట్టలోంచి కూడా తీయించి, అప్పుడుగానీ పక్క బల్లకి కదల్లేదు. ముప్ఫై రెండు కంప్యూటర్లు. చివరికి పెన్‌డ్రైవు కోసం చెయ్యి చాచింది.

“ఇలా ఇవ్వండి. ఇది మాత్రం మిమ్మల్ని నమ్మి వదల్ను. నా చేత్తో తుడుస్తా.”

శిక్షకుడు తీసి ఇచ్చేశాడు.

అందరూ భోజనాలకి లేచారు. మరిది గుమ్మం దగ్గర ఆగి, “బుద్ధొచ్చింది వదినగారూ. మా వదిన అదృష్టవంతురాలు, మీలాంటి అక్క ఉంది” అన్నాడు. కుర్రాడు మనసులోంచే అన్నాడు. ఆవిడ గుండెల మీది బరువు దిగిపోయింది.

గదిలో ఒక్కతే మిగిలింది. పెన్‌డ్రైవు పెట్టింది. ముందు చెల్లెలి వరస చెరిపింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత మొత్తం చెరపమని చెప్పింది. నిజంగా చెరపమంటారా అని కంప్యూటరు అడిగింది. అంతలో ఫోను మోగింది, భర్త.

“ఎప్పుడొస్తావు? రేపు సాయంత్రం ఆ అమ్మాయిని తీసుకొస్తానంటున్నాడు మన అబ్బాయి. అమ్మానాన్నలు కూడా వస్తారట.”

“రానివ్వండి. దానికేం!”

“నువ్వు మాత్రం ఆరాలు తియ్యకు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పిల్ల బంగారం. మనం పెళ్లి చెయ్యడమే తరువాయి.”

“నేనెందుకు తీస్తానండీ ఆరాలు!”

“అమ్మయ్య. సరే, తొందరగా వచ్చెయ్యి.”

“చిన్న పని ఉంది, అయిపోతుంది” అంటూ ఆవిడ మౌస్ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“ఉన్నావా?” అన్నాడు భర్త.

“ఇంతకీ, ఆ అమ్మాయి ఇంటిపేరేమిటండీ?”