చల్లారిన అగ్గిపెట్టె

"మా ఆయనకి కోపం రావట్లేదు డాక్టరమ్మా. ఎలాగైనా తెప్పించండి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఇన్నేళ్ళుగా కోపం తగ్గించమన్నవాళ్ళనే చూశానమ్మా!"

పక్కనే బల్ల మీద, నుదుటికి కట్టుతో, ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో కార్మిక నాయకుడైన ఆయన్ని అందరూ అగ్గిపెట్టె అంటారు. మేనేజరు కారు హారన్ మోగితే చాలు, ఈయన నినాదం అందుకునేవాడు. కిందటి వారం ఇనపగొట్టం జారి నుదుటికి తగిలింది. అంతే, అగ్గిపెట్టె నీళ్ళలో పడ్డట్టయింది.

"నిన్న ప్రెస్సు మిషను ఒకడి వేళ్ళు నలిపేసింది. నన్ను నోరారా అక్కా అని పిలిచే పిల్లాడు! అందరూ పని ఆపేసి గేటు ముందు కూర్చున్నారు, ఈయనొచ్చి మాట్లాడతారని. ఈయనేమో, యాజమాన్యం ఇబ్బందులూ చూడాలి కదే, అంటున్నారు. కావాలనే కూరలో రెండింతలు ఉప్పేశాను. కిమ్మనకుండా తినేసి, బాగుందన్నారు."

"బాగానే ఉంది కదే," అన్నాడాయన.

"విన్నారా? ఇదీ వరస!"

"నుదుటి వెనకుండే మెదడే మన కోపతాపాలకి పగ్గం పట్టేది," అంది డాక్టరమ్మ. "అక్కడ దెబ్బ తగిలితే కొందరికి కోపం కట్టలు తెంచుకుంటుంది. కొందరికి ఎదుట ఇల్లు కాలిపోతున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. స్కాన్ తీసి చూద్దాం."

స్కాన్ అయింది. ఆయన్ని లోపలికి పిలిచారు. ఆమె తెర బయట బెంచీ మీద కూర్చుంది. పొద్దున గేటు దగ్గర ఎవరో "అగ్గిపెట్టె అమ్ముడుపోయింది" అంటే వాడి చొక్కా పట్టుకుంది. "తలకి దెబ్బ తగిలిన మనిషిని పట్టుకుని అంత మాటంటారా? సిగ్గులేదూ?" అని కడిగేసింది. అందరూ తలలు దించుకున్నారు.

దెబ్బదే తప్పు, మనిషిది కాదు. బండరాయిలా మారినా సరే, చూసుకుంటాను, అనుకుంది.

తెర వెనక డాక్టరమ్మ గొంతు వినబడింది. "మీ మెదడు భేషుగ్గా ఉందండీ. దెబ్బ చర్మం దాటలేదు."

ఆమె ప్రాణం లేచొచ్చింది. ఒక్క అంగలో వెళ్ళి తెర పట్టుకుంది.

"మెల్లగా మేడమ్," అంటున్నాడాయన లోపల. "లోపల దెబ్బ ఉందనే చెప్పండి. నన్ను సూపర్‌వైజర్ని చేశారని మా ఆవిడకింకా తెలీదు."