రేడియో కట్టేసిన గది

"నోరు మూసుకుని నిలబడటం నావల్ల కాదు బాబూ. కావాలంటే నన్ను బయటికి పంపించెయ్," అంది నర్సు.

ఆమెను ఆసుపత్రిలో అందరూ రేడియో అంటారు. చాటుగా కాదు, మొహం మీదే.

"పంపించేస్తే గొట్టం ఎవరు పట్టుకుంటారక్కా? ఉండండి, కానీ మాట్లాడొద్దు. వేలు కూడా చూపించొద్దు," అన్నాడు జూనియర్ డాక్టరు. ఫలితాలు రాసుకునే పని అతనిది.

సంగతేమిటంటే, పేగులోకి కెమెరా గొట్టం పంపి, గోడల మీద మొలిచే బుడిపెల్ని వెతుకుతారు. పాలిప్‌లంటారు వాటిని. బఠాణీ గింజంత ఉంటాయి. కనబడితే అక్కడికక్కడే కోసి పారేయొచ్చు. కనబడకుండా దాక్కుంటే కొన్నేళ్లకు అదే క్యాన్సరై కూర్చోవచ్చు. ఇన్నాళ్లూ తెల్ల లైటుతో వెతికారు. ఇప్పుడు బుడిపెల్ని ముదురు మచ్చల్లా తేల్చి చూపే నీలి లైటు వచ్చింది. రెండిట్లో ఏది మేలో తేల్చాలి. ఇరవై అయిదు మందిని, ఒక్కొక్కరిని రెండుసార్లు చూస్తారు. ముందు తెల్ల లైటు, వెంటనే నీలి లైటు. మొదటిదాంట్లో తప్పినవి రెండోదాంట్లో దొరికితే అప్పుడే తీసేస్తారు కాబట్టి రోగులకు నష్టం లేదు. చూసేది పెద్ద డాక్టరు ఒక్కరే. పక్కనుంచి ఎవరూ అందించకూడదు.

"మా రేడియోకి తాళం పడిందోచ్!" అంటూ పెద్ద డాక్టరు పగలబడి నవ్వాడు.

నవ్వడా మరి! ఇరవై మూడేళ్ల వేధింపు. గొట్టం లోపలికి వెళ్లిందంటే చాలు, చెవి దగ్గర మొదలు. "అయ్యో, ఆగండాగండి! ఆ మడత దగ్గర. కాస్త వెనక్కి రండి. ఆఁ, అక్కడే!" ఆయన జేబులో మూడు రంగుల పెన్నులున్నా, సంతకానికి ఏది తీయాలో కూడా ఆవిడే చెప్పాలి. ఆయన కంటికి చిక్కని బుడిపె లేదని ఊరంతా పేరు. పాపం, ఆ పేరు ఇంత గోలను తట్టుకుని సంపాదించింది.

మూడు వారాలు ఆ గదిలో చడీచప్పుడూ లేదు. తెల్ల లైటు వెలిగినంతసేపూ రేడియో పెదవి కొరుక్కుంటూ నిలబడేది. ఒకసారి గట్టిగా దగ్గింది. "దగ్గు కూడా వద్దక్కా!" అని జూనియర్ కసిరాడు. ఇంకోసారి ఉండబట్టలేక కాలు నేలకేసి కొట్టింది. "ఏం నర్సమ్మా, తిమ్మిరెక్కిందా?" అని పెద్ద డాక్టరు తెర మీంచి కళ్లు తిప్పకుండానే అడిగి ముందుకు సాగిపోయాడు.

చివరికి తేలింది. తెల్ల లైటులో దొరికినవి తొమ్మిది. నీలి లైటులో అవి కాక మరో ఇరవై రెండు.

జూనియర్ ఎగిరి గంతేశాడు. "సార్, మూడింతలకు పైనే! ఈ తెల్ల లైటు ఇంత దండగని ఎవరికి తెలుసు!"

"ఇంకో నలుగురికి నన్ను మాట్లాడనిచ్చి చూడు బాబూ," అంది రేడియో.

"మీ మాటల నుంచి ఏ లైటు వస్తుందక్కా?"

పెద్ద డాక్టరు ఈ హాస్యానికి నవ్వలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "ఇదివరకు తెల్లదాంట్లోనే బోలెడు పట్టేవాణ్నయ్యా," అని గొణిగాడు. అంతలోనే మొహం పాలిపోయింది. "అయ్యో, మా అక్క!" అన్నాడు.

ఆయన అక్క పై అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. మూడేళ్ల కిందట ఆమెకు ఈ పరీక్ష తమ్ముడే చేశాడు, తెల్ల లైటుతో. ఆ రోజు రేడియో కూతురి కాన్పుకని సెలవులో ఉంది. గది హాయిగా, ప్రశాంతంగా ఉంది. "అంతా శుభ్రంగా ఉందక్కా. నిశ్చింతగా ఉండు," అన్నాడు. ఆమె నిశ్చింతగానే ఉంది. ఇప్పుడు క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. ఇక ఎవరైనా చేయగలిగింది నొప్పి తగ్గించడమే.

ఆ సాయంత్రం ఆయన అక్క మంచం పట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వెంట వచ్చిన రేడియో గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఊరుకోరా. లైటు గుడ్డిదైతే నువ్వేం చేస్తావు?" అని అక్క తల నిమిరింది. నర్సు వైపు తిరిగి నవ్వే ప్రయత్నం చేసింది. "చిన్నప్పుడూ ఇంతేనమ్మా వీడు. పెరట్లో పండిన టమాటాలు కోసుకురమ్మంటే సగం పచ్చికాయలే తెచ్చేవాడు. పరధ్యానం వెధవా అని అమ్మ మొట్టికాయలు వేసేది. అప్పుడూ ఇలాగే ఏడ్చేవాడు."

రేడియో నవ్వబోయింది. నవ్వు రాలేదు.

వరండాలోకి వచ్చాక ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ రోజు నువ్వుండి ఉంటే ఎలా ఉండేదోనని అప్పుడప్పుడు అనిపించేది నర్సమ్మా. ఇవాళ తేలిపోయింది. నువ్వున్నా ఏం చేసేదానివిలే. ఆ లైటులో ఎవరికి మాత్రం కనబడతాయి?"

ఆమె నోరు తెరిచింది. ఆయన మొహంలోకి చూసింది. మనిషికి మిగిలింది ఆ కాస్త ఊరటే.

"అవును డాక్టరుగారూ," అంది.

ఆయన దాటిపోయిన ఆ ఇరవై రెండూ తెల్ల లైటులోనే ఆమెకు ఎర్రెర్రగా కనబడ్డాయి. పుట్టుకతోనే ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని ఆ డాక్టరుకు, ఆ లోపం ఉందని ఆయనకే తెలియనివ్వకుండా, ఇరవై మూడేళ్లుగా చూసిపెడుతున్నది ఆ రేడియోనే.