పది అడుగులు

"రెండు గొట్టాలదే ఇయ్యి సేటూ. ఒకటి గురి తప్పితే ఇంకొకటన్నా తగలాలె."

గోరి మాటకు తుపాకుల దుకాణం సేటు హీరాలాల్ నవ్వాపుకున్నాడు.

గోరికి నవ్వులాటగా లేదు. మొగుడు పాము కరిచి పోయి రెండేళ్లు. అతను వదిలిన మూడెకరాల మీద అతని పినతండ్రి కొడుకు రూప్లా కన్ను పడింది. నిరుడు ఎండాకాలం వచ్చి తడిక తలుపు తన్నిపోయాడు. "ఈసారి తలుపు కాదు, నిన్నే తంత. చేను వదిలి పో" అన్నాడు.

ఆమె వదల్లేదు. గోదారి ఒడ్డు తండా నుంచి ఖమ్మానికి బస్సులు మారి వచ్చి, పద్నాలుగు నెలలు కలెక్టరాఫీసు మెట్లెక్కి, లైసెన్సు తెచ్చుకుంది.

"అది నీకు బరువు బేటీ. ఒంటి గొట్టంది తీస్కో."

మూలన స్టూలు మీద కూర్చుని, నూనె గుడ్డతో తుపాకి తుడుస్తున్న ముసలాయన అన్నాడు. పేరు జానీ మియా.

"నిన్నెవరడిగిన్రు తాతా?"

ఆయన లేచి వచ్చాడు. ఒంటి గొట్టం తుపాకి మడమను ఆమె భుజానికి ఆనించి చూశాడు. వేలు తుపాకి మీటకు అందుతుందో లేదో చూశాడు. తల ఊపాడు.

"ఇదే నీది. ఇగ చెప్పు. మీ ఇంటికి పిలవకుంట వచ్చేటోళ్లు ఎవరున్నరు?"

"ఒక్కడే. రూప్లా. వాని కోసమే గదా ఇది!"

"మంచిగ యాద్ చేస్కో. ఇంకెవరు?"

"ఎవ్వరు రారు. నువ్వు తుపాకి అమ్ముతున్నవా, పిల్లనిస్తున్నవా? గిన్ని ఆరాలేంది?"

హీరాలాల్ ఈసారి పైకే నవ్వేశాడు. ముసలాయన నవ్వలేదు.

"తుపాకి ఒక గోడకు పెట్టు. తూటాలు ఎదురు గోడకు పెట్టు. నడుమ పది అడుగులుండాలె."

"నేను పది అడుగులు నడిచేదాక దొంగ గుమ్మంల నిలబడి బీడీ తాగుతడా?"

"ఆ పది అడుగులు దొంగ కోసం కాదు బేటీ."

"ఇంత చెప్తున్నవ్. నువ్వు ఏనాడన్న తుపాకి కాల్చినవా?"

"ఒక్కసారి."

"ఒక్కసారేనా! పులినా, పిల్లినా?"

జానీ మియా తుపాకిని గట్టిగా పట్టుకున్నాడు.

"మీ భద్రాద్రి రాముని మీద ఒట్టెయ్. పది అడుగుల ఎడం పెడ్తనని. అప్పుడే చేతికిస్త."

గోరి హీరాలాల్ వైపు చూసింది. ఆయన కళ్లు దించుకున్నాడు. ఇంకో గంటలో భద్రాచలం బస్సు. విసురుగా ఒట్టు వేసి, తుపాకి లాక్కుని బయటపడింది.

"చాదస్తపు ముసలోడు!" అని ఆయనకు వినబడేలాగే అంది.

వారం తిరక్కుండానే రూప్లా చేను గట్టు మీదికొచ్చాడు. గోరి భుజాన తుపాకితో ఎదురు నడిచింది.

"ఆడదానికి తుపాకెందుకే?"

"మగోడు తలుపు తన్నినంక ఎందుకని అడుగుతున్నవా? గట్టు దిగు."

దిగాడు. మళ్లీ ఆ దారిన రాలేదు. అయినా ఆమె రాత్రుళ్లు ప్రతి చప్పుడుకూ చెవి ఒగ్గుతూనే ఉంది.

కార్తీక పున్నమి తెల్లవారుజాము. చెయ్యి చాపితే చెయ్యి కనబడనంత మంచు.

వాకిట్లో అడుగుల చప్పుడు.

"ఎవరది?"

పలుకు లేదు. అడుగులు ఆగలేదు.

"రూప్లా, నువ్వేనా? చెప్పకపోతే కాలుస్త!"

పలుకు లేదు. చప్పుడు తడిక దగ్గరికొచ్చింది.

గోరి మేకుకున్న తుపాకి తీసింది. తూటాలు ఎదురు గోడ గూట్లో ఉన్నాయి. ముసలాయన్ని తిట్టుకుంటూ నడిచింది. ఒట్టు వేయించిన ఆయన్ని తిట్టింది. ఒట్టుకు లోబడిన తననూ తిట్టుకుంది. గూడు అందింది. తూటా చేతికొచ్చింది.

గూటి పక్కనే కిటికీ.

మంచులో ముందు ఇత్తడి బిందె కనబడింది. తరువాత నీళ్లు కారుతున్న చీర.

అత్త సక్రి. ఊరి ఆ చివర కూతురింట్లో ఉండే ముసలిది. గోదాట్లో మునిగి, తడిబట్టలతో బిందె నింపుకుని, ఎవరితో పలక్కుండా నడిచివచ్చి, కోడలి వాకిట్లోని దేవుడి గద్దె మీద ఆ నీళ్లు పోసింది. దండం పెట్టింది. అప్పుడు నోరు తెరిచింది.

"ఎన్నిసార్లు ఒర్లుతవే? నీళ్లు పొయ్యకముందు మాట్లాడితే మొక్కు చెల్లుతదా?"

"కాలుస్త అన్న గదా అత్తా!"

"కాలిస్తే కాల్చేదానివి! నీ ఇంటికి ఆపద రావద్దని మొక్కిన. నీకు భయపడి విడుస్తనా?"

గోరి పిడికిట్లోని తూటాను తిరిగి గూట్లో పెట్టేసింది. దేవుడు మొక్కు మొక్కించి, అదే వేళకు మంచు ఎందుకు కురిపిస్తాడో ఆమెకు అంతుబట్టలేదు.

ఆ వారమే గంపెడు సీతాఫలాలతో ఖమ్మం బస్సెక్కింది.

దుకాణం మూలన స్టూలు ఖాళీగా ఉంది.

"తాత ఏడి సేటూ?"

"దసరా అయినంక పోయిండమ్మా. నిద్రలనే."

గోరి గంప దించలేదు. నెత్తి మీద అట్లాగే ఉంది.

"ఆయన నీ దగ్గర జీతగాడా?"

"పన్నెండేండ్లు పొద్దున్నే వచ్చి కూసునేటోడు. జీతమిస్తే ముట్టలే. కొననీకొచ్చినోళ్లతోటి ఒట్టు పెట్టించుడే ఆయన పని. మీకు రాముడు, ఆయన వాళ్లకు అల్లా. తిట్టనోళ్లు లేరు."

"ఒక్కసారే కాల్చిన అన్నడు. నేను నవ్విన. పులినా, పిల్లినా అన్న."

హీరాలాల్ నూనె గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు.

"పాల్వంచల నైటు డ్యూటీ దిగి, పిలిస్తే తల్లికి నిద్ర చెడుతదని గోడ దూకి ఇంట్లకొచ్చిన సొంత కొడుకును, దొంగనుకొని కాల్చిండమ్మా."