మైపాడు నుంచి ఫోను

“చెల్లెమ్మా, ఆ గూడూరు పిల్లోడు శ్రుతి తప్పలేదు. భయపడినాడు. రెండూ ఒకటి కాదు.”

ఫోన్ ఎత్తగానే నజ్మా చెవిన పడిన మొదటి మాట అది. పేరు ఆ తరవాత చెప్పింది. చెంచులక్ష్మి, మైపాడు.

నజ్మాకు ఒళ్లు మండింది.

ముత్తుకూరులో మేడ మీది గదిలో కూర్చుని, ఆ వారం టీవీలో వచ్చిన పాటల పోటీ, డాన్సు పోటీ, వంటల పోటీ, పదిమందిని ఒకే ఇంట్లో పెట్టి తలుపులేసే ఆట, అన్నిటి మీదా తన అభిప్రాయం చెప్పి ఆదివారం మధ్యాహ్నానికల్లా వీడియో పెట్టేది ఆమె. మీ మాటా చెప్పండి అని కింద ఫోన్ నంబరు కూడా ఇచ్చేది. నిజంగానే ఎవరైనా చెబుతారని అనుకోలేదు.

విసుగ్గా ఫోన్ పెట్టేసి, పిల్లవాడు శ్రుతి తప్పాడని తను వీడియోలో చెప్పిన ఆ పాట మళ్లీ చూసింది.

పిల్లవాడి గొంతు సరిగ్గానే ఉంది. ఊపిరే అందడం లేదు.

మరుసటి ఆదివారం మళ్లీ అదే గొంతు. ఈసారి డాన్సు పోటీ. ఓడిన అమ్మాయి కన్నా గెలిచిన అమ్మాయి ముఖంలోనే దిగులు ఎక్కువుంది, చూశావా అని అడిగింది. నజ్మా చూడలేదు. ఆ తరవాతి వారం వంటల పోటీ. కూరలో ఉప్పెక్కువైందని అందరూ నవ్వారు సరే, పాపం ఆ వండినామె రెండుసార్లు రుచి చూడబోయి, కెమెరా మీదికొస్తే చెయ్యి వెనక్కి తీసుకుందని చెప్పింది.

తలుపులేసిన ఇంట్లో ఒకామె ఏడిస్తే, అదంతా నటన అని తేల్చేసింది నజ్మా ఒక వారం.

“నటన అనేముందు, ఊరంతా చూస్తా ఉంటే నువ్వు ఎట్ట ఏడుస్తావో ఒకసారి అనుకో చెల్లెమ్మా,” అంది చెంచులక్ష్మి. గొంతులో కోపం లేదు.

నజ్మా ఆ మాటలన్నీ తన మాటలుగా చెప్పడం మొదలుపెట్టింది. చూసేవాళ్లు పెరిగారు. ఈ అమ్మాయికి మనుషులు అర్థమవుతారు అని రాశారు. ఈ మధ్య నీ నోరు కాస్త చల్లబడిందే అంది వాళ్లమ్మ బీజాన్.

మైపాడు అక్క పేరు చెప్పాలని ప్రతి వారమూ అనుకునేది. వచ్చే వారం చెబుదాంలే అనుకునేది.

ఒక ఆదివారం ఫోన్ రాలేదు.

పనిలో ఉందేమో అనుకుంది. రెండో వారమూ రాలేదు. మూడో వారం తనే చేసింది. స్విచాఫ్.

వీడియో కింద వందల మాటలు. నజ్మా ఒక్కటీ చదవలేదు. టీవీలో ఎవరైనా పాడుతుంటే, అక్క ఏమనేదో అని పాట మధ్యలోనే ఆలోచనలో పడేది. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ పక్కనే పెట్టుకుని అన్నం తినేది. ముఖమైనా చూడని మనిషి కోసం ఇంతగా ఎదురుచూడటం ఏమిటో ఆమెకే తెలియలేదు.

ఆరో వారం వీడియో చెయ్యలేదు. నెల్లూరు పోయి, అక్కడ మైపాడు బస్సెక్కింది.

అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. వసారాలో ఒకతను చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. చెంచులక్ష్మి గారి ఇల్లు ఇదేనా అని అడిగింది.

అతను తలెత్తి, గొంతు గుర్తుపట్టాడు.

“ముత్తుకూరు పాపవు గదా. రా, కూర్చో.”

చాప వేశాడు. మంచినీళ్లిచ్చాడు. అతను చెంచులక్ష్మి భర్త, పెంచల్. ఆమె పోయి నెల దాటిందని చెప్పాడు. రక్తం పాడైందన్నారట. ఏడాది పాటు నెల్లూరు ఆసుపత్రి చుట్టూ తిరిగారట. చివరి నెలల్లో ఫోన్ చేసిందంతా ఆసుపత్రి మంచం మీద నుంచేనట. మాట్లాడే ఓపిక లేని రోజు కూడా, ఆదివారమైతే లేచి దిండుకు ఆనుకుని కూర్చునేదట.

నజ్మా నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

“టీవీ గురించి చెప్పేవాళ్లు ఎంతమంది లేరన్నా. అక్క నాకే ఎందుకు చేసేది?”

పెంచల్ వల పక్కన పెట్టాడు.

“నాలుగు తిట్టమని నేనే చెప్పినానమ్మా మొదట్లో. తిట్టేదేంది, పిల్ల బాగా మాట్లాడతా ఉంది, చూసేది నేర్పితే చాలు, అనింది.”

తనను తిట్టడం దేనికో నజ్మాకు అర్థం కాలేదు.

అతను లోపలికెళ్లి భార్య ఫోన్ తెచ్చాడు. దాన్లో ఒక పాత వీడియో పెట్టి చేతికిచ్చాడు.

నాలుగేళ్ల కిందట నజ్మా చేసిన మొట్టమొదటి వీడియో అది. పాటల పోటీకి వచ్చి, పల్లవి దాటగానే మాటలు మరిచి నిలబడిపోయిన ఒక పల్లెటూరి ఆమెను నజ్మా అందులో గుడ్లు తేలేసి, నోరు తెరిచి అచ్చంగా అనుకరిస్తోంది. పేరైనా కనుక్కోకుండా తను వెక్కిరించిన, తనకు మొదటి వెయ్యిమందిని తెచ్చిపెట్టిన ఆ మనిషి చెంచులక్ష్మి.