ఎముకేనమ్మా!

క్వారీలో కంకర కొట్టే ఆవిడ మళ్ళీ వచ్చింది. మ్యూజియంలో శిలాజాలు చూసే ఉద్యోగి నిట్టూర్చాడు. ఇప్పటిదాకా ఆవిడ తెచ్చినవన్నీ ఉత్త రాళ్ళే.

“ఎన్నిసార్లు చెప్పానమ్మా? లోపలా బయటా ఒకేలా ఉంటే రాయి. ఎముకైతే లోపల తేనెపట్టులా సన్నటి చిల్లులుంటాయి.”

“ఈసారి చిల్లులున్నాయి సార్. ఒక్కసారి చూడండి.”

సంచిలోంచి అరచేయంత ముక్క తీసి బల్ల మీద పెట్టింది. అతను భూతద్దంతో చూశాడు. తర్వాత దాని అంచును నాలుకకు తాకించాడు. అతుక్కుంది. మామూలు రాయి అలా అతుక్కోదు.

“ఎముకేనమ్మా!” అంటూ కుర్చీలోంచి లేచాడు. “నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. నీ కష్టం ఊరికే పోలేదు!”

ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుని గుండెకు హత్తుకుంది. కన్నీళ్ళు జలజలా రాలాయి.

“సంతోషించాల్సింది పోయి ఏడుస్తావేంటి? కోట్ల ఏళ్ళ నాటిదిది!”

ఆవిడ ఏడుపు ఆగిపోయింది.

“పోయినేడు మా క్వారీలో కొండచరియ విరిగిపడిందే, అప్పటిది కాదా?”

“కాదమ్మా. ఇది బతికున్నప్పటికి మనుషులే పుట్టలేదు.”

ఆవిడ ఆ ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

“ఆ చరియ కింద మా ఆయన ఉండిపోయాడు సార్. వెతకడం ఎప్పుడో మానేశారు. ఒక్క ఎముకైనా దొరికితే పాతిపెట్టుకుని ఏడుద్దామనుకున్నా.”

అతను చేతిలోని భూతద్దం కింద పెట్టాడు.

“ఇంక రానులెండి,” అంది ఆవిడ ఖాళీ సంచి మడుచుకుంటూ. “ఆ చరియ మొత్తం రేపట్నుంచి క్రషర్‌లో వేస్తారంట.”