ముందే తెలిసినవాడు

రొట్టెలకని రెడ్డెమ్మ గుమ్మం దాటబోతుంటే హుస్సేన్ వలి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడొద్దుమ్మా. జీపు వస్తాండాది."

వీధి ఖాళీగా ఉంది. రెడ్డెమ్మకు ఏ చప్పుడూ వినిపించలేదు. అయినా ఆగింది.

కాసేపటికి ఇరాకీ సైనికుల జీపు ఇంటి ముందు నుంచే వెళ్ళింది.

1990 సెప్టెంబరు. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించి నెల దాటింది. అర్దియాలోని ఆ ఇంట్లో రెడ్డెమ్మ పనిమనిషి, గంగాధర డ్రైవరు. ఇద్దరిదీ కడప జిల్లానే. వాళ్ళు మామా అని పిలిచే ఇంటి యజమానురాలి కొడుకు కువైట్ సైన్యంలో పనిచేసేవాడు. అతన్ని కింద బేస్‌మెంట్‌లో దాచారు. దొరికితే ఇంట్లో ఎవరినీ ప్రాణాలతో వదలరు.

హుస్సేన్ వలి వారం కిందట వచ్చాడు. తనుండే వీధిని సైన్యం ఖాళీ చేయించిందని, తనది రాయచోటి అని చెప్పాడు. తమ ఊరివైపు మనిషేనని రెడ్డెమ్మ చెప్తే మామా ఉండనిచ్చింది. ఏం పని చేసేవాడివని అడిగితే ఒక హాల్లో పనన్నాడు. అంతే. రోజంతా కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

జీపు వచ్చే ప్రతిసారీ ముందే చెప్పాడు. ఒక్కసారీ తప్పలేదు.

గంగాధరకు అదే అనుమానం. సైనికుల రాక ఇతనికెలా తెలుస్తోంది? వాళ్ళ మనిషే అయ్యుంటాడని మామా చెవిన వేశాడు. ఆమె పంపించేయమంది.

"నీకెట్ల తెలుస్తాది వలీ?" అని గంగాధర నిలదీశాడు.

"ఇనపడతాది."

"మాకు లేని చెవులు నీకుండాయా? ఖలాస్. పో ఈడనుంచి."

హుస్సేన్ వలి బతిమాలలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఏదో వింటున్నట్టు తల వంచాడు.

"నేను పోంగానే గడియ పెట్టుకోండి. ఎవురూ బయటికి రావద్దు."

గబగబా నడిచాడు. వీధి చివరికి చేరేసరికి జీపు వచ్చి అతని పక్కన ఆగింది. ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

"సూసినావా, వాళ్ళోళ్ళే వచ్చి తీసకపోయిరి" అన్నాడు గంగాధర.

రెడ్డెమ్మ తలుపు గడియ పెట్టింది.

ఆ సాయంత్రమే సైనికులు వచ్చిపడతారని అందరూ బిక్కుబిక్కుమంటూ ఎదురు చూశారు. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు.

పదో రోజు అతని చెల్లెలు షహర్‌బాను వచ్చింది. జహ్రాలో పనిమనిషి. ఈ ఇంట్లో ఉంటున్నానని అన్న ఫోన్‌లో చెప్పాడట. అతని బట్టల సంచి కోసం వచ్చింది.

నిన్ననే మట్టి చేశామంది. ఎవరింట్లో దాక్కున్నావో చెప్పమని వారం రోజులు కొట్టారని, కడదాకా నోరు విప్పలేదని, అతనితో పాటు పట్టుబడి బయటపడిన ఒకాయన చెప్పాడట.

గంగాధర లోపలికి పోయి సంచి తెచ్చి ఇచ్చాడు.

మీ అన్న ఏం పని చేసేవాడని రెడ్డెమ్మ అడిగింది.

షహర్‌బాను సంచి చంకన పెట్టుకుంది.

"ఈడ పండగలకి తోటలో టిక్కెట్టు లేకుండా ఊరందరికీ వాయిస్తారే, ఆ సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయిద్యాలకి శ్రుతి చేసేది మా అన్నే. హాల్లో అరవై మంది ఒక్కపారి వాయిస్తాంటే, బయట రోడ్డు మింద నిలబడి, ఏ తీగ తప్పిందో చెప్పేటోడు."