దగ్గని దొంగ

"అందరూ ఇలా తగలడండి! ఒక్కరు కదిలినా కాళ్ళు విరగ్గొడతా!"

బున్నిమ్ కేకకి పక్కింటివాళ్ళు కూడా కిటికీ తెరిచారు. బుసాన్‌లో ఆ వీధికి ఆవిడ గొంతు కొత్తేం కాదు. కానీ వారం రోజులుగా మాత్రం మరీ శ్రుతి మించింది.

ఉల్లికాడలు సన్నగా తరిగిందని తన చారు కొట్టులో పనిచేసే ఆవిణ్ణి సోమవారం ఏడిపించింది. లావుగా తరిగిందని మర్నాడు మళ్ళీ ఏడిపించింది. పంది ఎముకల చారు బాగా లేదన్న పాత గిరాకీని గరిటె పట్టుకుని వీధి దాకా తరిమింది. ఎందుకింత కోపమో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ రోజు కొట్టుకి సెలవు. మొగుడు మన్‌బోక్, కొడుకు సంగ్‌చోల్, కోడలు యోన్‌జు భోజనాల బల్ల చుట్టూ చేరారు. బున్నిమ్ జేబులోంచి ఓ వస్తువు తీసి కిమ్చీ పచ్చడి గిన్నె పక్కన టపీమని పెట్టింది. వేలెడంత ఉంది. ఊదా రంగు. ఈ-సిగరెట్.

ఓహో, ఇదా సంగతి అనుకున్నారు ముగ్గురూ.

"చెప్పండి. దీన్ని నోట్లో పెట్టుకుంటున్నది ఎవరు?"



"ఎక్కడుందమ్మా అది?" అన్నాడు సంగ్‌చోల్ మెల్లగా.

"వంటింట్లో. మిరప్పొడి జాడీ వెనకాల."

తండ్రీ కొడుకులిద్దరూ యోన్‌జు వైపు చూశారు. ఆ చూపుకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వంటిల్లంటే కోడలేనా?

"నాది కాదు అత్తయ్యా."

"నాది కాదంటే సరిపోదు. దొంగబుద్ధి ఉన్నవాళ్ళ చేతికి రేవు దగ్గర కొత్త కొట్టు తాళాలు చచ్చినా ఇవ్వను. ఎవరో తేలాలి. ఇప్పుడే తేలాలి!"

ఆ కొట్టు యోన్‌జుకే ఇస్తానని నలుగురిలో చెప్పింది బున్నిమే. దాని కోసమే నాలుగేళ్ళుగా ఆ చారు కుండల ముందు చేతులు కాల్చుకుంటోంది పిల్ల. అదంతా ఇప్పుడు ఈ వేలెడు గొట్టం మింగేసేలా ఉంది.

"సందు చివర ఈ-సిగరెట్ల కొట్టువాణ్ణి అన్నీ అడిగా" అంది బున్నిమ్. "కొత్తగా మొదలుపెట్టేవాడికి నికోటిన్ ఘాటు మూడు ఉంటే చాలట. ముదిరితే ఆరు. నేనిందులో తొమ్మిది ఘాటున్న రసం పోయించుకొచ్చా. అలవాటు లేనివాడు ఒక్క దమ్ము లాగితే దగ్గు, ఎక్కిళ్ళు, కళ్ళు తిరగడం. అలవాటైన వాడికి చీమ కుట్టినట్టైనా ఉండదు. లాగండి ఒక్కొక్కరూ!"

"నీకేమైనా పిచ్చా అమ్మా?"

"అవున్రా, పిచ్చే! అందరూ కలిసి ఎక్కించారుగా! లాగు!"

సంగ్‌చోల్ లాగాడు. మరుక్షణం దగ్గు మొదలైంది. ఆగదే! కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. బల్ల పట్టుకుని కూలబడ్డాడు.

"వీడు కాదు. నువ్వు రా అమ్మాయ్."

యోన్‌జు గొట్టం అందుకుంది. పెళ్ళికి ముందు ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు ఆమె సిగరెట్లు కాల్చేది. మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి మొగుడికి కూడా తెలియదు. పాత అలవాటు ఒంట్లో ఏ మూలో మిగిలి ఉంటే? దగ్గు రాకపోతే? చెయ్యని తప్పుకి కొట్టు పోతుంది, పరువూ పోతుంది.

కళ్ళు మూసుకుని లాగింది.

గొంతు భగ్గుమంది. గది గిర్రున తిరిగింది. ఆపైన ఎక్కిళ్ళు, ఒకదాని మీద ఒకటి. ఎక్కిళ్ళొస్తే ఇంత సంతోషపడిన మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు ఉండరు.

"ఇదీ కాదు" అంది బున్నిమ్. ఇప్పుడు మన్‌బోక్ వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ వంతు."

"నాకెందుకే? నేను మానేసి పదేళ్ళు కాలా?"

"అయితే భయమెందుకు? కానియ్యి!"

మన్‌బోక్ బిక్కచచ్చిన మొహంతో అందుకున్నాడు. లాగాడు. అంతా ఊపిరి బిగపట్టి చూశారు. దగ్గు లేదు. ఎక్కిలి లేదు. ముక్కులోంచి పొగ తాపీగా రెండు పాయలుగా దిగింది. పైగా అలవాటు కొద్దీ "అబ్బ, బాగుంది" అనేసి, గబుక్కున నాలిక కరుచుకున్నాడు.

"నాన్నా!" అన్నాడు సంగ్‌చోల్.

యోన్‌జుకి ఎక్కిళ్ళతో పాటు కోపమూ తన్నుకొచ్చింది. "సిగ్గు లేదా మామయ్యా? ఇంతసేపూ నన్ను దొంగని చూసినట్టు చూస్తూ కూర్చుంటారా? నోట్లో ముద్ద పెట్టుకున్నారా, మాట్లాడ్డానికి?"

మన్‌బోక్ తల దించుకున్నాడు. "అప్పుడప్పుడూ ఒక్క దమ్మేనమ్మా..." అని నసిగాడు.

బున్నిమ్ నడుం దగ్గరున్న తాళాల గుత్తి లాగి కోడలి చేతిలో పెట్టింది. "తీసుకో. కొట్టు నీదే. ఇంకెవడూ నిన్ను వేలెత్తి చూపడు."

తర్వాత మొగుడి చేతిలోని గొట్టాన్ని విసురుగా లాక్కుంది.

"తాగితే తాగి చచ్చావు, తగ్గినప్పుడల్లా నీళ్ళు పోసి నింపుతావా ముసలోడా, వారం రోజుల్నుంచి నేనెంత లాగినా తలకెక్కక పిచ్చెక్కిపోతోంది కదయ్యా!"